చేతికి తెలిసిన తుపాకీ

"కలిసింది!"

ఫోను పెట్టేసి మేజర్ జోల్దోష్ బల్ల మీద చరిచిన చరుపుకి టీ కప్పులు గెంతాయి.

"గుండు కలిసిందమ్మా! మనం ఇక్కడ కాల్చి పంపిన నమూనా చూసి బిష్కెక్ ల్యాబువాళ్లు ఖాయం చేసేశారు. కాలిస్ గుండెలోంచి తీసిన గుండు, ముసలాడి ఇంట్లో దొరికిన రైఫిల్లోంచి వచ్చిందే. కేసు అయిపోయింది. ఎవరక్కడ? వేడి వేడి మాంసం సంసాలు తెప్పించండి!"

కెప్టెన్ సైకాల్‌కి ముందుగా గుర్తొచ్చింది కేసు కాదు, తిలెక్. పెళ్లయి నెల తిరక్కుండానే ఈ కారా-సాయ్ ఠాణాలో, ఇనుప మంచం మీద, మేజర్ గురకలు గోడ అవతలినుంచి వింటూ పడుకోవాల్సి వచ్చింది. అక్కడ నారిన్‌లో మొగుడు తనే పులుసు పెట్టుకుంటున్నాడు. నిన్న ఫోన్లో "ఇవాళ అడుగు మాత్రమే మాడింది" అని పతకం గెలిచినట్టు చెప్పాడు. కొత్త చెవిపోగులు ఒకసారి తడుముకుని, రేపు ఇంటికొస్తున్నానని కబురు పంపింది. క్షణంలో జవాబొచ్చింది: "నేనూ, మాడిన గిన్నె కూడా ఎదురుచూస్తున్నాం."

సంసా కొరికితే వేడి కొవ్వు మణికట్టు దాకా కారింది. ఆ పొద్దున ఆమెకి కలిగిన సుఖం అంతటితో సరి.

"ముసలాడి వాఙ్మూలం ఒక్కటే మిగిలింది," అన్నాడు మేజర్. "ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. కొండ మీద చెయ్యాల్సిన లాంఛనం ముగించి రేపు నారిన్ జైలుకి పంపించేద్దాం."

లెక్క చూస్తే మేజర్ చెప్పింది సరిగ్గానే ఉంది. అయిదు రోజుల కిందట, వేట శిబిరం యజమాని కాలిస్, లోయ అడుగున పొయ్యి దగ్గర నిలబడి పొద్దుటి టీ పోసుకుంటుండగా ఎదుటి కొండ అంచునుంచి గుండు వచ్చి తగిలింది. ఒక్కటే గుండు. అంత దూరంనుంచి అలా కొట్టగలవాడు ఈ చుట్టుపక్కల ఎవరని అడిగితే పాలుతాగే పిల్ల కూడా సతిబాల్ది పేరే చెబుతుంది. డెబ్బై దాటిన వేటగాడు. విదేశీ వేటగాళ్ల కోసం ఈనబోయే కొండమేకల్ని కూడా చంపిస్తున్నావని మొన్న వసంతంలో కాలిస్‌ని అందరిముందూ కడిగేశాడు. తగువు తీర్చుకోవడానికని వేసవి విందులో కాలిస్ శిబిరంలోని ఖరీదైన దుర్బిణీ రైఫిల్ని తెచ్చి ముసలాయన ఒళ్లో పెట్టాడు. ఆ రైఫిలే చంపింది. పైగా సాక్షి ఉన్నాడు. శిబిరంలో దారి చూపే ఎర్మెక్, ఆ పొద్దున సతిబాల్ది అదే రైఫిలుతో కొండ అంచునుంచి దిగడం చూశానన్నాడు.

అన్నీ కలిశాయి. మరి సతిబాల్దిని ఉంచిన గదిలోకి నడుస్తుంటే సైకాల్‌కి బూట్లో రాయి ఉన్నట్టు ఎందుకుందో ఆమెకే తెలియలేదు.

సతిబాల్ది కిటికీ కింద కూర్చుని ఉన్నాడు. తెల్ల ఉన్నిటోపీ మోకాలి మీద ఉంది. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా మానిన గాటు.

"తాతా, ఆ పొద్దున ఎక్కడున్నావు?"

"కొండ మీద."

"కొండ చాలా పెద్దది."

"నేనూ అదే అంటున్నా, కొత్త కోడలా."

"ఏ తుపాకీ తీసుకెళ్లావు?"

"నా తుపాకీ."

సైకాల్ బల్ల మీద గుడ్డ తీసింది. నల్లగా, నూనె మెరుపుతో, పైన పొడుగాటి దుర్బిణీతో రైఫిలు. "ఇదేనా?"

"అది నాకు ఇచ్చింది. నాది కాదు."

"తేడా ఏంటి?"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "కట్టుకున్నదాన్ని ఇంట్లో వదిలి పట్నం పిల్ల వెంట పడే వయసా తల్లీ నాది? విందులో అందరూ 'కాల్చు, కాల్చు' అని గోల చేస్తే ఒక్కసారి కాల్చా. ఇదిగో," గాటు చూపించాడు, "ముద్దు పెట్టింది. ఊరంతా నవ్వింది. అప్పట్నుంచి పరుపుల దొంతర వెనక పడుకోబెట్టా."

"తుపాకీ పెట్టుకోడానికి ఇనపపెట్టె ఇచ్చారుగా?"

"అందులో పంచదార పోశాం. ఎలకలు చేరవు."

నవ్వు ఆపుకోవడానికి సైకాల్ పెదవి కొరుక్కుంది. "తలుపుకి తాళం?"

"గొర్రెలు కాసుకునేవాడింటికి తాళమేంటి? వచ్చినవాడు రొట్టె తింటాడు, పోతాడు."

అంటే ఎవరైనా రావచ్చు, ఎవరైనా తీసుకెళ్లి మళ్లీ పెట్టేయవచ్చు. సైకాల్ రైఫిలు ఖాళీగా ఉందో లేదో చూసి ముసలాయన చేతుల్లో పెట్టింది. "గురి పెట్టు తాతా."

ఆయన తీసుకున్న తీరే వేరుగా ఉంది. ఎడమ చెయ్యి ముందుకు జరిగి, లేనిదాని కోసం గాలిలో వెతికింది. కన్ను తీసుకెళ్లి దుర్బిణీ అద్దానికి అంటించేశాడు. ఇప్పుడు పేలితే రెండో గాటు ఖాయం. సేఫ్టీ మీట ఎటు తిప్పాలో బొటనవేలికి దొరకలేదు.

గుమ్మంలో చప్పట్లు వినిపించాయి. మేజర్! "బావుందయ్యా నాటకం! బిష్కెక్ రంగస్థలంలో నీలాంటివాళ్లు కరువయ్యారు."

సైకాల్ ఆయన వైపు తిరగలేదు. గొంతు తగ్గించి ముసలాయనతోనే అంది: "తాతా, నీది పాతకాలపు బెర్డాంకా తుపాకీ అని ఊరంతా చెబుతోంది. మీ నాన్నది. నేలలో గుచ్చి ఆనించడానికి ముందు రెండు కొమ్ముకాళ్లుంటాయి, సీసం నువ్వే కరిగించి గుళ్లు పోసుకుంటావు. ఆ రోజు దాన్నే తీసుకెళ్లావు కదూ? అదెక్కడుందో చెప్పు. అదొక్కటే నిన్ను బయటపడెయ్యగలదు."

ముసలాయన పెదవులు కదిలాయి. ఇదిగో, చెప్పబోతున్నాడు...

"బెర్డాంకానా?" మేజర్ లోపలికొచ్చేశాడు. "దానికి లైసెన్సుందా? లేదు! దొరికిందా, రంపంతో రెండు ముక్కలు చేయించడం నా వంతు. చట్టం చట్టమే."

సతిబాల్ది నోరు మూసుకుంది. టోపీ తలకి పెట్టుకుని కిటికీలోకి చూడసాగాడు. ఆ తర్వాత సైకాల్ బతిమాలింది, భయపెట్టింది, గదిలో అటూ ఇటూ తిరిగింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. తండ్రి తుపాకీని రంపం కింద పెట్టడం కన్నా తాను జైల్లో పోవడమే మేలనుకుంటున్నాడా మొండిమనిషి!

నడవాలోకి రాగానే ఆమె మేజర్ మీద విరుచుకుపడింది. "ఒక్క నిమిషం ఆగితే మీ సొమ్మేం పోయేది? చెప్పబోతున్నాడు!"

"ఏం చెబుతాడు? ఇంకో కథ. చూడమ్మా, వాడు మంచి గురికాడు. మంచి గురికాడికి ఏ తుపాకీ అయినా ఒకటే."

"మీకు లారీ నడపడం వచ్చు కదాని విమానం తోలమంటే తోలతారా?"

"నోరు బానే ఉంది." మేజర్ చూపు ఆమె నడుం మీదికి దిగింది. "అవునూ, డిపార్ట్‌మెంటు ఇచ్చిన కొత్త పిస్తోలు ఏది? ఇంకా ఆ తాతలనాటి మకరోవేనా?"

"కొత్తది సొరుగులో ఉంది. దాంతో ఇంకా పట్టుమని పది పూటలైనా సాధన చెయ్యలేదు. చెయ్యి కుదరనిదాన్ని నడుముకి కట్టుకుంటే అది నాకు కాపలా కాదు సార్, బరువు."

"ముసలాడూ నువ్వూ ఒకే బడి!" అని నవ్వుకుంటూ పోయాడు మేజర్.

అరికాలి మంట నెత్తికెక్కినా సైకాల్ మళ్లీ గదిలోకి వెళ్లి ఆ రైఫిల్ని మరోసారి తిప్పి చూసింది. దుర్బిణీ నెత్తిన చిన్న చక్రం ఉంది. దూరాన్ని బట్టి దాన్ని తిప్పుకోవాలి. అది మామూలుగా ఉండాల్సిన మొదటి గీత, ఇంటిగీత, మీద లేదు. నాలుగు వందల మీటర్ల గీత మీద నిలబడి ఉంది. మీట ఎటు తిప్పాలో తెలియనివాడు ఈ చక్రం తిప్పాడా?

*

మధ్యాహ్నానికి ముగ్గురూ గుర్రాల మీద కొండ అంచుకి చేరారు. ముందు ఎర్మెక్, వెనక మేజర్, ఆ వెనక సైకాల్. ఎర్మెక్‌కి ముప్ఫై లోపే. మాటలో మన్నన, చేతిలో చురుకు. తిలెక్‌వాళ్ల తెగవాడే కావడంతో ఆమెని వదినా అని పిలుస్తున్నాడు. ఇరుకుదారిలో ఆమె గుర్రం కళ్లెం తనే పట్టుకుని దాటించాడు.

"ఇదే చోటు వదినా."

పలకరాయి, దాని పక్కన గులకనేల. సైకాల్ మోకాళ్ల మీద కూర్చుంది. గులకలో రెండు గుంటలు, మోచేతులు ఆన్చినంత మేర. వాటి వెనక, బాగా వెనక, బూటు కొనలు దిగిన రెండు గీతలు. కాల్చినవాడు బోర్లా పడుకున్నాడు. రాయి మీద మందపాటి ఉన్నిగుడ్డ మడతపెట్టి రైఫిలు దానికి ఆనించినట్టున్నాడు, రెండు తెల్ల పోగులు రాతికి అంటుకుని ఉన్నాయి. దూరం కొలిచే పరికరంలో చూసింది. పొయ్యి రాళ్ల దాకా నాలుగు వందలకి కాస్త అటూ ఇటూ.

"సార్, సతిబాల్ది పుట్టి బుద్ధెరిగాక బోర్లా పడుకుని తుపాకీ కాల్చలేదు. కూర్చుంటాడు. కొమ్ముకాళ్లు నేలలో గుచ్చుతాడు. ఆ కొమ్ముల గుర్తులు ఎక్కడున్నాయి ఇక్కడ?"

"గాలికి పోయాయి."

"మోచేతుల గుంటలు పోకుండా కొమ్ముల గుర్తులే పోయాయా?"

"వయసు మీద పడింది. కూర్చోలేక పడుకున్నాడు." మేజర్ ఆవులించాడు. "ప్రతిదానికీ నీ దగ్గర ప్రశ్న ఉంది, జవాబు ఒక్కటీ లేదు. నీకు కావలసింది రుజువేగా? రేపు పొద్దున ముసలాణ్ణి ఇక్కడికే తెస్తా. జరిగింది జరిగినట్టు చేయించి చూస్తా. రైఫిలు కాల్చడం రాదని వాడు మళ్లీ నాటకమాడితే, మన ఎర్మెక్ కాల్చి చూపిస్తాడు. ఇక్కణ్ణుంచి గురి తగులుతుందని తేలితే చాలు. ఏమయ్యా, కాలుస్తావుగా?"

"మీరు చెబితే కాలుస్తాను అయ్యా," అన్నాడు ఎర్మెక్.

"అతనెందుకు?" అడిగింది సైకాల్.

"ఇంకెవరు? రెండేళ్లుగా దాని బాగోగులు చూసింది వాడే. వచ్చిన వేటగాళ్లకి దానికి గురి కుదిర్చి ఇచ్చింది వాడే."

సైకాల్ ఎర్మెక్ వైపు తిరిగింది. "రెండేళ్లు నీ చేతిలో ఉన్నదాన్ని కాలిస్ తాతకెందుకు ఇచ్చేశాడు?"

"యజమాని ఇష్టం వదినా. నాకిస్తానని అంటూ ఉండేవాడు. విందు నాటికి మనసు మారింది." మామూలుగానే అన్నాడు. కానీ జీను పట్టీని ఎంత గట్టిగా లాగాడంటే గుర్రం పక్కకి గెంతింది.

"ఆ పొద్దున తాత నీకు ఎదురయ్యాడు కదా. ఏమన్నావు?"

"దూరంనుంచే సలాం చెప్పా."

"షిరాల్గా అడగలేదా?"

వేట కొట్టి వచ్చేవాడు దారిలో ఎదురైతే 'షిరాల్గా!' అని కేకెయ్యాలి. కేక విన్న వేటగాడు వాటా కోసి ఇవ్వకుండా ముందుకి కదలడు. ఆ కొండల్లో మాటలు రాని పిల్లలకి కూడా ఆ మాట వచ్చు.

"ఒట్టి చేతులతో వస్తున్నవాణ్ణి ఏమడుగుతాం వదినా? మేక లేదు, తోక లేదు. ఆ రైఫిలు ఒక్కటే వీపున."

సైకాల్ ఉన్ని పోగులు రెండూ కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది. దిగేటప్పుడు మేజర్ ఈలపాట మొదలుపెట్టాడు. ఆమె పళ్లు నూరుకుంది. చేతిలో ఉన్నవి రెండు ఉన్ని పోగులూ, తిరిగిన ఒక చక్రమూ, ఒక ముసలాయన మౌనమూ. వీటితో న్యాయమూర్తిని కాదు కదా, మాడిన పులుసు తినే తిలెక్‌ని కూడా ఒప్పించలేదు.

*

ఎర్మెక్‌ని శిబిరం దగ్గర గుర్రాలు కట్టెయ్యమని పంపి, మేజర్ ఠాణాకి పోయాడు. సైకాల్ ఒంటరిగా ఊళ్లోకి వస్తుంటే చివరి ఇంటి గుమ్మంలోంచి ఒక పెద్దావిడ పరుగులాంటి నడకతో అడ్డం వచ్చింది. ఎర్మెక్ తల్లి బూరుల్.

"ఏమమ్మోయ్, మా తెగ కోడలివై ఉండి మా గుమ్మం తొక్కకుండా పోతావా? కొత్త కోడలు రొట్టె ముట్టకుండా దాటితే ఆ ఇంటి పొయ్యి అలుగుతుంది!"

"పనిలో ఉన్నా అత్తా..."

"పనెక్కడికీ పోదు. పులుసు చల్లారిపోతుంది. రా!"

ఆ వెచ్చని గదిలో కూర్చున్నాక సైకాల్‌కి పొద్దుట్నుంచీ బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. వెన్నలో ముంచిన రొట్టెముక్క, ఉప్పుటీ, కొత్త దుప్పటి. ఇలాంటి వాటికి ఆమె ఎప్పుడూ పడిపోతుంది. కిటికీ బయట నీడలో ఒక ఇనుప కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. బూరుల్ పెద్ద పళ్లెంతో వచ్చింది. ఆవిరి కక్కుతున్న మాంసం మధ్యలో వెడల్పాటి జబ్బ ఎముక.

"అదృష్టవంతురాలివే. జబ్బ ఒక్కరే తినకూడదుగా, పదిమంది కాకపోయినా ఇద్దరైనా పంచుకోవాలి. మావాడు ఈ అయిదు రోజులూ ఇంట్లో ముద్ద ముట్టలేదు. యజమాని పోయిన దిగులు పాపం. పారేద్దామంటాడు! షిరాల్గా మాంసం పారేస్తే ఏడేళ్లు అరిష్టం, నా కంఠంలో ప్రాణముండగా పారెయ్యనన్నా. చలికి చెడకుండా వేలాడేశా. ఇవాళ నీకోసమే వండినట్టయింది."

సైకాల్ చెయ్యి పళ్లెం దగ్గరే ఆగిపోయింది. "షిరాల్గానా అత్తా? ఎవరిచ్చారు?"

"ఇంకెవరు, సతిబాల్ది బావ. పాపం, ఇచ్చే చెయ్యే ఆ చెయ్యి. అలాంటివాడు మనిషిని చంపాడంటే నమ్మబుద్ధి కాదు."

"ఎప్పుడు?"

"ఆ గోల జరిగిన రోజే. తెకె-బులాక్ ఊట దగ్గర మావాడికి ఎదురయ్యాడట, గుర్రం మీద మేకని వేసుకుని. అలవాటుగా నోట్లోంచి మాట వచ్చేసిందట వాడికి. ఆయన అక్కడికక్కడే జబ్బ కోసిచ్చాడు. తినమ్మా, చూస్తావేం?"

తెకె-బులాక్ కొండకి అవతలి వైపు. ఒట్టి చేతులు, మేక లేదు, తోక లేదు అన్నాడు ఎర్మెక్! సైకాల్ తినాలి కాబట్టి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. పంటికింద రాయి తగిలింది.

చేతి చాటున తీసి చూసింది. రాయి కాదు. బూడిదరంగు సీసపు ముద్ద. మెత్తగా, ఒక పక్క నొక్కుకుపోయి, ఇంట్లో కరిగించి పోసిన అతుకు గీతతో సహా ఉంది. దుర్బిణీ రైఫిలు గుండుకి రాగి తొడుగుంటుంది. అది తగిలితే ఈ పలుచని ఎముక పెంకులైపోవాలి. ఇక్కడ జబ్బ ఎముకకి ఓ వారన చిన్న నెర్రె, అంతే. అవతలి భుజంనుంచి మేకనంతా దాటి వచ్చి ఇక్కడ అలసి ఆగిపోయిన గుండు. బెర్డాంకా గుండు.

ముసలాయన తనకి తెలిసిన తుపాకీనే తీసుకెళ్లాడు. మరి తనకి తెలిసిన తుపాకీని ఆ రోజు ఎర్మెక్ తీసుకెళ్లాడా?

"అత్తా, ఆ రోజు ఎర్మెక్ గుర్రం మీద ఏం తెచ్చాడు?"

"మాంసమేగా. ఇంకా తెల్ల ఉన్నిగుడ్డ మూట ఏదో పొడుగ్గా ఉంది. డేరా కర్రలన్నాడు. సాయంత్రం మళ్లీ తీసుకెళ్లిపోయాడు."

ఊట దగ్గర ఆ మూటని సతిబాల్ది కూడా చూసే ఉంటాడు. తన చేతినుంచి వాటా అడిగి తీసుకున్నవాడి మీద చెడ్డమాట చెప్పడం వేటగాడికి తగదని నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క సాక్షినీ రేపు పొద్దున మేజర్ కొండ అంచుకి తీసుకెళ్లి, నిండు రైఫిల్ని స్వయంగా ఎర్మెక్ చేతికి అందించబోతున్నాడు!

బయట గుర్రం డెక్కల చప్పుడు. తలుపు తోసుకుని ఎర్మెక్ వచ్చాడు. భుజాన శిబిరం నాటు డబుల్‌బ్యారెల్. వాడి చూపు ముందు కిటికీ బయటి ఖాళీ కొక్కెం మీదికీ, అక్కణ్ణుంచి పళ్లెం మీదికీ వెళ్లింది.

"అమ్మా, ఆ మాంసం ఏది?"

"వదినకి పెట్టాన్రా! ఎంత ఇష్టంగా తింటోందో చూడు."

బూరుల్ ఒక్కతే టీ పోస్తూ ఏదో చెబుతోంది. ఎర్మెక్ చెయ్యి భుజం పట్టీ మీద ఉంది. బల్ల కింద సైకాల్ బొటనవేలు మకరోవ్ మీటని తనంతట తానే వెతుక్కుని, చప్పుడు లేకుండా కిందికి దించింది. చూడాల్సిన అవసరం ఆ వేలికి లేదు.

"బావుందా వదినా?" అన్నాడు ఎర్మెక్.

"బావుంది. పెద్ద గుండే కొట్టాడు తాత." ఎడమచేత్తో సీసపు ముద్దని రొట్టె పక్కన పెట్టింది. "తుపాకీ మేకుకి తగిలించు మరిదీ. గుమ్మం లోపల ఆయుధం భుజాన ఉంటే అమ్మకి మర్యాద కాదు."

"అదీ నిజమేరా," అంది తల్లి.

వాడు తల్లిని చూశాడు. తర్వాత తుపాకీ తీసి మేకుకి తగిలించాడు.

సైకాల్ అదే ఎడమచేత్తో ఫోను తీసి, వాడి మీదనుంచి చూపు తిప్పకుండా మేజర్‌ని పిలిచింది.

"మళ్లీ ఏంటి?" అని విసుక్కున్నాడు ఆయన.

"జీపు పంపించండి సార్, ఎర్మెక్ ఇంటికి. ఇద్దరు మనుషుల్ని కూడా. రేపు పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి ఈ రాత్రి ఎర్మెక్ మన ఠాణాలోనే పడుకుంటాడు."

ఎర్మెక్‌ని ఠాణా గదిలో పెట్టి తలుపేశాక, నడవాలో మేజర్ గొణిగాడు: "రేపటి సంగతి నేను చూసుకుంటా..."

"చూసుకోండి. కాస్త మార్పుతో. బెర్డాంకాకి రంపం పెట్టనని ఈ రాత్రే కాగితం మీద సంతకం పెట్టి తాతకి ఇవ్వండి. అదెక్కడుందో అప్పుడు ఆయనే చెబుతాడు. రేపు కొండ మీదికి రెండు తుపాకులూ వస్తాయి. తాత తనదాన్ని తీసుకుంటాడు. ఆ తర్వాత దుర్బిణీ రైఫిల్ని ఖాళీగా, చక్రం ఇంటిగీత మీద పెట్టి ఎర్మెక్ చేతికి నేనే ఇస్తాను. పలకరాయి దగ్గర నిలబెట్టి, పొయ్యికి గురి పెట్టమంటాను. మరో మాట చెప్పను."

"చెప్పకపోతే?"

"బోర్లా పడుకుని, చక్రాన్ని నాలుగు వందలకి తిప్పుతాడేమో చూద్దాం సార్. వాడు అబద్ధం చెప్పాడు. వాడి చేతులకి ఆ విద్య తెలీదు."